మేస్త్రీ, ముకాదం, కన్సల్టెన్సీ

దసరా వెళ్ళిందంటే మా బిలోలి రోడ్ల మీద ట్రాక్టర్లు వరస కడతాయి. వెనక ట్రాలీలో వంటగిన్నెలు, జొన్నల సంచులు, చుట్టచుట్టిన ప్లాస్టిక్ పట్టాలు, వాటి మధ్య చంటిపిల్లలు. వీళ్ళంతా చెరకు కొట్టడానికి పోతున్నవాళ్ళు. మళ్ళీ ఎండలు ముదిరాక గాని ఊరి ముఖం చూడరు. చెరకు లోకంలో వీళ్ళను మనుషుల లెక్కన లెక్కపెట్టరు. కోయతాల లెక్కన లెక్కపెడతారు. కోయతా అంటే మరాఠీలో కొడవలి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిస్తే ఒక కోయతా. పని మొదలు కాకముందే ముకాదం ఆ జంట చేతిలో కొంత డబ్బు పెడతాడు. దాన్ని ఉచల్ అంటారు. సీజనంతా కొట్టిన చెరకు కూలీని ఆ ఉచల్ కింద జమ కట్టుకుంటారు. తీరకపోతే మిగిలిన బాకీ వచ్చే ఏటికి నడుస్తుంది, దానితోపాటు కోయతా కూడా నడుస్తుంది.

నేను బ్యాంకు ఉద్యోగిని. చదివింది బి.కాం. సమాజశాస్త్రం ఏనాడూ పాఠంగా చదవలేదు. అయినా ఒక సమాజశాస్త్ర గ్రంథం నా చేతికి వచ్చి, మా ఇంటి పద్దును నా చేత తిరగరాయించింది. ఆ గ్రంథం మన తెలుగువాళ్ళ గురించి. రాసింది చైనా పండితుడు. పని దొరక్కముందే చేతులు మారే డబ్బు ఎటు నుంచి ఎటు పోతుంది, ఆ పోకడను బట్టి మనిషి ఏ వర్గంవాడో ఎలా తెలుస్తుంది అన్నదే ఇక్కడ నేను చెప్పదలచిన సంగతి.

ముందు పాత చరిత్ర కొంత చెప్పాలి. మహారాష్ట్రలోని తెలుగువాళ్ళం ఎక్కువమందిమి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ సంతానమే. బొంబాయిలో కామాఠీపురా అన్న పేరు నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి ఇళ్ళు కట్టే పనికి పోయిన కామాఠీల వల్ల వచ్చింది. సోలాపూర్, భివండీ మగ్గాల దగ్గరికి తెలంగాణ పద్మశాలీలు పోయారు. మా బిలోలివాళ్ళ సంగతి వేరు. మేం ఎక్కడికీ కదల్లేదు, సరిహద్దే కదిలింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు మంజీరకు అవతలి బోధన్ ఆంధ్రప్రదేశ్‌లోకి, ఇవతలి మేము బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చాం.

ఇంతకంటే పెద్ద వలస సముద్రం మీద జరిగింది. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి పందొమ్మిదో శతాబ్దం చివర మొదలుకొని లక్షలాది తెలుగువాళ్ళు బర్మా పోయారు. రంగూన్ రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కాకినాడ దగ్గరి కోరింగ రేవు పేరుమీద అక్కడివాళ్ళు వీళ్ళను కోరంగీలు అనేవారు. వీళ్ళను తీసుకుపోయింది మేస్త్రీ. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చేవాడు, ఓడ చార్జీ పెట్టేవాడు, రంగూన్‌లో దించి కూలీలోంచి కోసుకునేవాడు. ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో రంగూన్‌లోని భారతీయ కూలీల మీద రాసిన పుస్తకంలో ఈ మేస్త్రీ పద్ధతి వివరంగా ఉంది. మిల్లు యజమానికి కూలీ ఎవడో తెలియదు, కూలీకి యజమాని ఎవడో తెలియదు. ఇద్దరికీ తెలిసినవాడు మేస్త్రీ ఒక్కడే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత జరిగిన కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారు.

మేస్త్రీ తర్వాత ముకాదం. డచ్చి సమాజశాస్త్రవేత్త యాన్ బ్రెమాన్ 1960లలో దక్షిణ గుజరాత్ పల్లెలకు వచ్చి, అర్ధశతాబ్దం పాటు ఆ కూలీల వెంటే తిరిగాడు. మన ఖాందేశ్ నుంచి బార్డోలి చక్కెర ఫ్యాక్టరీలకు పోయే కోయతాల గురించి ఆయన 1978లో రాశాడు. పక్క ఊళ్ళోనే కూలీలు ఉండగా ఫ్యాక్టరీ దూరపువాళ్ళను ఎందుకు తెప్పిస్తుందన్నది ఆయన ప్రశ్న. ఊరుకాని ఊళ్ళో గుడిసె వేసుకున్నవాడు ఎదురు చెప్పలేడు, సీజను అయిపోగానే పంపించెయ్యవచ్చు అన్నది ఆయనకు దొరికిన జవాబు. ఉచల్ ఆ మనిషిని సీజను చివరిదాకా కట్టి ఉంచుతుంది.

ఇక మన చైనా పండితుడి దగ్గరికి వద్దాం. ఆయన పేరు షియాంగ్ బియావ్. 1972లో వెన్‌ఝౌ ప్రాంతంలో పుట్టాడు. పెకింగ్ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చదువుతుండగా, ఇరవై ఏళ్ళ వయసులో, బీజింగ్ దక్షిణపు అంచున తన ప్రాంతంవాళ్ళే కట్టుకున్న ఒక పేటలో తిరగడం మొదలుపెట్టాడు. బట్టలు కుట్టి అమ్ముకునే ఆ వలసజనం పేటను ‘జెజియాంగ్ గ్రామం’ అనేవారు. 1995 చివర ప్రభుత్వం అక్కడి ఇళ్ళ సముదాయాలను కూలగొట్టింది. జనం మళ్ళీ వచ్చి కట్టుకున్నారు. ఈ కుర్రవాడు ఆరేళ్ళు వాళ్ళతో ఉండి, ప్రభుత్వం గుర్తించని మనుషులు మార్కెట్టును ఎలా నిర్మించుకుంటారో రాశాడు. ఆ పుస్తకం ఆయనకు పేరు తెచ్చింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్‌కు చేరి, దానికి పరిశోధనాంశంగా మన హైదరాబాదు యువకులను ఎంచుకున్నాడు.

ఆయన హైదరాబాదులోనూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ తిరిగింది 2000, 2001 సంవత్సరాల్లో. ఆ రోజులు గుర్తున్నవాళ్ళకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయన్న భయం ప్రపంచమంతటా వేలమంది ప్రోగ్రామర్లకు పని కల్పించింది. అమెరికా హెచ్-1బి వీసాల పరిమితి ఏడాదికి 65,000 ఉండేది. 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకు దాన్ని 1,15,000 చేశారు, 2001 నుంచి మూడేళ్ళకు 1,95,000 చేశారు. అమీర్‌పేటలో ప్రతి మేడ మీదా ఒక కోచింగ్ బోర్డు వెలిసింది. బిలోలి నుంచి, ధర్మాబాద్ నుంచి కూడా పిల్లలు రైలెక్కి అక్కడికి పోయారు.

షియాంగ్ ఆ బోర్డుల వెనక ఏముందో చూశాడు. అక్కడివాళ్ళ మాటల్లో దాన్ని బాడీ షాపింగ్ అంటారు. ఆ పేరే ఆయన తన పుస్తకానికి పెట్టాడు. ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ 2007లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ప్రెస్సు నుంచి వచ్చింది, మరుసటి ఏడాది ఆంథొనీ లీడ్స్ బహుమతి పొందింది. పద్ధతి ఇది. విదేశంలో ఒక చిన్న కన్సల్టెన్సీ ఉంటుంది. ఇక్కడి కుర్రవాడికి వీసా స్పాన్సర్ చేస్తుంది. వాడిని తన దగ్గర పనిలో పెట్టుకోదు, మరో పెద్ద ఏజెన్సీకి ఇస్తుంది. ఆ ఏజెన్సీ అసలు కంపెనీకి గంటల లెక్కన అద్దెకిస్తుంది. కంపెనీ గంటకు ఇచ్చే డబ్బులో ఒక్కొక్కరూ తమ వాటా కోసుకోగా మిగిలింది కుర్రవాడిది. పని లేనప్పుడు వాడు ‘బెంచి’ మీద ఉంటాడు. బెంచి మీద ఉన్నా జీతం ఇవ్వాలని అమెరికా 1998లో చట్టం చేసింది. కాని వీసా ఎవరి చేతిలో ఉందో నోరు కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఈ ఏజెంట్లలో చాలామంది ఎవరో కాదు, నాలుగేళ్ళ ముందు అదే దారిన వెళ్ళిన మన తెలుగువాళ్ళే.

ఆయన చూపించిన ముఖ్యమైన విషయం మరొకటుంది. ఐటీ మార్కెట్టు ఈ ఏడు పొంగుతుంది, వచ్చే ఏడు కుంగుతుంది. పొంగినప్పుడు క్షణాల్లో మనుషులు కావాలి, కుంగినప్పుడు క్షణాల్లో వదిలించుకోవాలి. ఈ సౌకర్యానికి ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి. కంపెనీ ఆ భారం ఏజెన్సీ మీదికి, ఏజెన్సీ కన్సల్టెన్సీ మీదికి, కన్సల్టెన్సీ కుర్రవాడి మీదికి నెడతాయి. కుర్రవాడు ఎవరి మీదికి నెడతాడు? షియాంగ్ ఆ దారం పట్టుకొని తెలుగు పల్లెల దాకా వచ్చాడు. అక్కడ వ్యవసాయంలో మిగిలిన సొమ్ము చదువులకు పోవడం, కంప్యూటరు వరుడికి కట్నం రేటు పెరగడం, ఇంటి ఆడవాళ్ళ జీతం లేని చాకిరీ మీద ఒక ‘ఐటీ మనిషి’ తయారవడం చూశాడు. అలా వెళ్ళినవాళ్ళు ఎక్కువగా భూమి ఉన్న కులాలవాళ్ళనీ, అందులోనూ కోస్తావాళ్ళనీ గమనించాడు. ప్రపంచ మార్కెట్టుకు చవకగా అందే ప్రోగ్రామరు నిజానికి చవక కాదు, వాడి ధరలో పెద్ద భాగం వాడి ఊరు ముందే చెల్లించేసింది.

ఇక్కడే నాకు ఉచల్ గుర్తొచ్చింది. ముకాదం కోయతాకు డబ్బు ఇచ్చి పనికి తీసుకుపోతాడు. కన్సల్టెన్సీ కుర్రవాడి దగ్గర డబ్బు తీసుకొని పనికి పంపిస్తుంది. నడుమ మనిషి రెండు చోట్లా ఉన్నాడు, డబ్బు నడిచే దిక్కు మాత్రం తిరగబడింది. ఎందుకని నన్ను నేనే అడిగితే బ్యాంకువాడి జవాబే వచ్చింది. కోయతాకు కుదువ పెట్టడానికి తన శరీరం తప్ప మరొకటి లేదు, అందుకని దాన్నే కుదువ పెట్టుకొని అప్పిస్తారు. కుర్రవాడి ఇంట్లో అమ్మడానికి పొలం ఉంది, అందుకని పొలం సొమ్మే అడుగుతారు. ఇద్దరూ ఒకటేననడం అన్యాయం. పని చెడితే మా కుర్రవాళ్ళు పట్టా పుచ్చుకొని ఇంటికి తిరిగి రాగలరు. కోయతా జంట మాత్రం ఆ బాకీతో మళ్ళీ అదే ట్రాలీ ఎక్కాలి. వర్గమన్న మాటకు పుస్తకాల్లో ఎన్ని అర్థాలున్నా, చెడిపోయిన పనిని వదిలి ఇంటికి రాగల స్తోమత ఎవరికుందన్నది నేను పట్టుకున్న గుర్తు.

ఈ పుస్తకం నాకిచ్చింది మా తమ్ముడు. సెలవులకు వచ్చినప్పుడు నా బల్ల మీద పెట్టి, “అన్నా, ఇందులో నేనున్నా, పేరు ఒక్కటే లేదు” అన్నాడు. వాడు ఎం.సి.ఎ. చేసి 1999లో అమీర్‌పేటలో కోర్సు చదివాడు. 2000లో ఒక కన్సల్టెన్సీ వీసా ఇప్పిస్తానంటే మా బాపు ఏడెకరాల్లోంచి మూడెకరాలు అమ్మాడు. ఎకరం డెబ్భై వేల చొప్పున రెండు లక్షల పదివేలు వచ్చింది. లక్షన్నర కన్సల్టెన్సీకి పోయింది. మిగిలింది పాత కోర్సు బాకీకి, చేతి ఖర్చుకు సరిపోయింది. విమానం టికెట్టుకు చాలకపోతే మా అక్క తన గాజులు తెచ్చి ఇచ్చింది. వాడు పోయిన నాలుగు నెలలకు మార్కెట్టు కుంగింది. 2001లో ఎనిమిది నెలలు బెంచి మీద, ఒక గదిలో ఆరుగురితో, జీతం లేకుండా ఉన్నాడు. ఫోను చేసినప్పుడల్లా పని బాగుందనేవాడు. తర్వాత నిలదొక్కుకున్నాడు. 2003లో పెళ్ళయింది, కట్నం తీసుకున్నాం. ఆ కట్నంతోనే గాజులు విడిపించాం. ఆ కట్నం కోసం మా మరదలి తండ్రి అమ్మింది కూడా పొలమే. ఆ సంగతి అప్పట్లో మాకెవరికీ ఆలోచనకే రాలేదు.

ఆ పుస్తకం చదివాక ఒక రాత్రి కూర్చొని తమ్ముడి చదువు ఖాతా మొదటి నుంచి రాశాను. ఫీజులు, పొలం, గాజులు అన్నీ వచ్చాయి. తేడా ఎక్కడో ఉందనిపించి మళ్ళీ కూడాను. కూడికలో తప్పు లేదు. రాయనిది ఒకటుంది. తమ్ముడు పుట్టినప్పుడు అక్కకు తొమ్మిదేళ్ళు. అమ్మ పొలం పనికి పోవాలి గనక అక్క నాలుగో తరగతిలో బడి మానేసింది. వాడిని చంకనేసుకొని పెంచింది తనే. నేను బి.కాం. చదివింది, తమ్ముడు ఎం.సి.ఎ. చదివింది, ఆ ఇంట్లో ఒకరు చదవకుండా ఉన్నందువల్ల కూడా. ఆ పద్దుకు మా పుస్తకంలో కాలమే లేదు.

అమ్మిన మూడెకరాల సంగతి మరో లెక్క. అది పిత్రార్జితం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1985లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. మహారాష్ట్ర ఆ పని 1994 జూన్‌లో చేసింది. రెండు చోట్లా అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు ఆ హక్కు లేదు. మా అక్క పెళ్ళి 1990లో జరిగింది, కుండల్వాడి ఇచ్చాం. మా పొలం మంజీరకు అవతల, బోధన్ వైపు ఉంటే అక్కకు వాటా ఉండేది. ఇవతల ఉంది గనక లేకపోయింది. 1956లో మా మీదుగా గీసిన గీత 1990లో మా అక్క మీదుగా కూడా పోయిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2005లో కేంద్ర చట్టం దేశమంతా కూతుళ్ళకు సమాన హక్కు ఇచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాని 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలను ఆ చట్టం తిరగదోడదు. మిగిలిన నాలుగెకరాల్లో అక్కకు వాటా ఉంది. కన్సల్టెన్సీకి పోయిన మూడెకరాల్లో చట్టం ప్రకారం ఏమీ లేదు.

షియాంగ్ తర్వాత చాలాకాలం ఆక్స్‌ఫర్డ్‌లో పాఠం చెప్పాడు. ఇప్పుడు జర్మనీలో హాలే నగరంలోని మాక్స్ ప్లాంక్ సామాజిక మానవశాస్త్ర సంస్థ డైరెక్టర్లలో ఒకరు. వలసలో నడుమ మనుషుల పాత్ర మీదే ఎక్కువ పనిచేశాడు. మనిషి ప్రయాణం తన ఇష్టం వల్ల మాత్రమే జరగదు, ఏజెంట్లు, కాగితాలు, చట్టాలు, బంధువులు అన్నీ కలిసి వాడిని కదిలిస్తాయన్నది ఆయన వాదన. ఈమధ్య ఆయన మరో మాట ఎక్కువగా చెబుతున్నాడు. ఈకాలం మనిషి తన గురించి ఆలోచిస్తాడు, ప్రపంచం గురించి ఆలోచిస్తాడు, ఈ రెంటికీ నడుమనున్న చుట్టుపక్కలను మాత్రం చూడడం మానేశాడంటాడు. నాకు ఆ మాట బాగా తగిలింది. అమెరికా మార్కెట్టు ఎప్పుడు లేస్తుందోనని పేపర్లు చదివాను గాని, బిలోలికి ఎంతో దూరం లేని కుండల్వాడిలో అక్క ఏమనుకుంటోందో అడగలేదు.

పోయిన దీపావళికి తమ్ముడు వచ్చాడు. ఉన్న నాలుగెకరాలను ముగ్గురికి పంచుదామని కూర్చున్నాం. అమ్మిన మూడెకరాల్లో అక్కకు రావలసిన ఎకరాన్ని ఇప్పటి ధరకు తన డబ్బుతో ఇస్తానని వాడే అన్నాడు. నేను కాగితం మీద లెక్క వేసి అక్క ముందు పెట్టాను. అక్కకు చదవడం కొద్దిగా వచ్చు. వేలు పెట్టి అంకెలన్నీ చదువుకుంది. కాగితం మడిచి కొంగున కట్టుకుంది. వద్దనలేదు, కావాలనీ అనలేదు.

“లెక్క బాగనే వేసినవ్ తమ్మీ. అమ్మిన్నాడు నన్ను ఒక్క మాట అడిగుంటే బాగుండు” అంది.

బ్యాంకులో ఇప్పుడు చదువు అప్పుకు తండ్రీ కొడుకులు వచ్చి కూర్చుంటే, ఫారంలో లేని ఒక ప్రశ్న అడుగుతుంటాను. ఇంట్లో ఆడపిల్లలు ఎంతమంది, వాళ్ళకు ఈ సంగతి చెప్పారా అని. కొందరు విసుక్కుంటారు. కొందరు మాత్రం ఒక్క నిమిషం ఆగి, ఫోను తీసి ఇంటికి చేస్తారు.